మూడు రూపాయల వడ్డీ అంటే మనకు భయం వేయదెందుకు?

ఏడాదికి 36 శాతం లాభం ఇస్తామంటే బ్యాంకులో పనిచేసేవాళ్లు ఉలిక్కిపడతారు. అదే మాట ఊళ్లో ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’ అంటే ఎవరికీ వింతగా ఉండదు. పంట పెట్టుబడికో, పెళ్లి ఖర్చుకో ఆ వడ్డీ కట్టిన ఇళ్లు మనవి. మోసపు స్కీములు మన దగ్గర ఇంత తేలిగ్గా నడవడానికి అత్యాశ ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ రేటు మన చెవికి అలవాటు. ఏడాదికి 36 శాతం దాకా ఇస్తామని డిపాజిట్లు సేకరించిందన్నదే హైదరాబాద్‌కు చెందిన హీరా గోల్డ్ మీద వచ్చిన ఆరోపణ.

కానీ ఊళ్లో మూడు రూపాయలకు అప్పిచ్చేవాడు ప్రోనోటు రాయించుకుంటాడు. తీసుకునేవాడికి పొలం ఎంతుందో, ఇంకెవరికి బాకీ ఉన్నాడో ఆరా తీస్తాడు. స్కీములో డబ్బు పెట్టేటప్పుడు మనమూ అప్పే ఇస్తున్నామన్న సంగతి మర్చిపోతాం. నిజంగా లాభాలొచ్చే వ్యాపారమైతే బ్యాంకులో అంతకంటే చాలా తక్కువ వడ్డీకే అప్పు పుడుతుంది కదా, మన గుమ్మం దాకా వచ్చి 36 ఎందుకిస్తుంది? దీనికి సూటిగా జవాబు రాకపోతే బ్రోచర్ తిరగేయనక్కర్లేదు.

మొదటి కొన్ని నెలలు డబ్బు ఠంచనుగా వస్తుంది. మన వెనక చేరినవాళ్లు కట్టిందే మనకు లాభంగా అందుతుంది. ఆ నమ్మకంతో ఇంకాస్త కడతాం, బావమరిదినీ చేర్పిస్తాం.

అగ్రిగోల్డ్ బాధ ఇంకా మానలేదు. గడువు తీరాక స్థలం గానీ డబ్బు గానీ ఇస్తామని ఆ సంస్థ దాదాపు 32 లక్షల ఖాతాల్లో సుమారు 6,380 కోట్ల రూపాయలు సేకరించింది. డబ్బు వసూలు చేసిన ఏజెంట్లు బయటివాళ్లు కాదు, అదే వీధివాళ్లు, చుట్టాలు. సంస్థ చేతులెత్తేశాక జనం వాళ్ల ఇళ్ల ముందే నిలబడ్డారు. ఆ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న ఏజెంట్లూ ఉన్నారు. 10 వేల లోపు కట్టినవాళ్లకు 2019లో, 20 వేల లోపు వాళ్లకు 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెల్లించింది. కూతురి పెళ్లికని లక్షలు దాచుకున్నవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

చదువుకున్న పిల్లలకు వల వేరు: జాయినింగ్ ఫీజు కట్టు, కింద ఇద్దరిని చేర్చు. ఒక్కొక్కరూ ఇద్దరిని చేర్చుకుంటూ పోతే 30 మెట్లు దిగేసరికి 107 కోట్ల మంది కావాలి.

‘మాది రిజిస్టర్డ్ కంపెనీ’ అని సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. కంపెనీ పెట్టుకోవడం వేరు, జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి వేరు. ఆ అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్లో చూడొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే చేరి ఉంటే, పోయింది రాబట్టుకుందామని ఇంకొకరిని మాత్రం లాగకండి. ఇలా కొత్తవాళ్లను చేర్పిస్తే డబ్బొస్తుందనే మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధించిన 1978 చట్టం ప్రకారం వాటిలో సభ్యులను చేర్పించడం కూడా నేరమే.