మైల మూడు రోజులే

మా అమ్మమ్మకు వీడియో కాల్ చివరిదాకా అలవాటు కాలేదు. ఫోను చేతికివ్వగానే చెవికి ఆనించుకునేది కాబట్టి నాకు తెర నిండా ఆమె చెవి, రాళ్లదుద్దు మాత్రమే కనిపించేవి. పోయిన చలికాలంలో ఒక శనివారం ఆ దుద్దు లేదు. ఎందుకు తీశారని నేను అడగలేదు. స్కానింగ్ కోసం ఆసుపత్రిలో తీయించారని, అప్పటికే ఆమె రెండుసార్లు పడిందని, మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిందని ఆమె పోయాకనే నాకు తెలిసింది. "అంత దూరాన ఉన్నవాడివి, కంగారుపడతావని చెప్పలేదురా" అంది అమ్మ.

అమెరికాలో ఉంటున్న మనలో చాలామంది విన్న మాటే ఇది. ప్రేమతో అన్నదే అయినా, దానివల్ల మనవళ్లు, మనవరాళ్లు ఉన్న నాలుగు సెలవులనూ మనిషి ఉండగా కాక పెద్దకర్మకు వాడుకోవలసి వస్తోందని నా అభియోగం. నాకు ఆఫీసు ఇచ్చింది మూడు రోజులు. కూతురి బిడ్డవు గనుక మైల మూడు రోజులేనని మా పురోహితుడూ అన్నారు. లెక్క మాత్రం భేషుగ్గా కుదిరింది.

అమెరికాలో 1993 నాటి ఫెడరల్ కుటుంబ, వైద్య సెలవు చట్టం అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి 12 వారాల జీతం లేని సెలవు ఇస్తుంది గాని, పెద్దల సేవ విషయంలో తల్లిదండ్రులను తప్ప అమ్మమ్మ తాతయ్యలను పేర్కొనదు. అయితే చిన్నతనంలో తల్లిదండ్రుల స్థానంలో ఉండి పెంచినవారిని అదే చట్టం తల్లిదండ్రులుగానే లెక్కిస్తుంది. అమ్మానాన్నల ఉద్యోగాల వల్ల ఐదో తరగతి దాకా అమ్మమ్మ ఇంట పెరిగిన నాకు ఈ సంగతి అప్పుడు తెలిసి ఉంటే, తెలియవలసిన కబురు కూడా అంది ఉంటే, ఆమె నన్ను గుర్తుపట్టగలిగిన రోజుల్లోనే వెళ్లి ఉండేవాణ్ణి. కాలిఫోర్నియా వారి పరిస్థితి కొంత మేలు: అక్కడి రాష్ట్ర చట్టంలో ఈ సేవా సెలవు 2021 నుంచి అమ్మమ్మ తాతయ్యలకూ వర్తిస్తోంది.

వెళ్తే తిరిగి రావడానికి కావలసిన వీసా ముద్ర (స్టాంపింగు) దొరకదేమోనన్న భయంతో కదలలేనివారికి ప్రయాణం తమ చేతిలో లేదు. వారికైనా నిజం తెలిస్తే కనీసం ఫోను వేళ మార్చుకుంటారు. మనం శనివారం ఉదయం కాఫీ తాగుతూ చేసే ఫోను అక్కడ సాయంత్రం మోగుతుంది. మతిమరుపు ముదిరినవారిలో చాలామందికి కలవరం ఎక్కువయ్యేది సరిగ్గా ఆ పొద్దువాలే వేళకే. చలికాలంలో న్యూయార్క్ సమయానికీ ఇంటికీ పదిన్నర గంటల తేడా గనుక, శుక్రవారం రాత్రి పదింటికి చేస్తే వారికి తెల్లవారి ఎనిమిదిన్నర అవుతుంది. తెలియక నేను రెండేళ్లు సాయంత్రాలే ఎంచుకున్నాను, ఆమె విసుగును నా మీద అలక అనుకున్నాను.

వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఈ పత్రిక చదువుతారు గనుక వారికొక మనవి. ఊళ్లో పెద్దవారు పడినా, ఆసుపత్రికి వెళ్లినా, డిశ్చార్జి కాగితం ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆ రోజే పెట్టండి. మేము కంగారుపడితే పడనివ్వండి.