సవరణ: భూటాన్ జీడీపీని వదిలేయలేదు

మొన్నటి పోస్టులో తప్పు రాశాను. భూటాన్ 2008లో జీడీపీని పక్కనపడేసి ఆనందాన్ని కొలుస్తోందన్నాను. కాదు, జీడీపీ లెక్క అక్కడ ఇప్పటికీ కడుతున్నారు. 2008లో జరిగిందల్లా, స్థూల జాతీయ ఆనందానికి, అంటే దేశంలో జనం అందరి బాగోగులకు, తగిన పరిస్థితులు కల్పించేందుకు ప్రభుత్వం పాటుపడాలని రాజ్యాంగం 9వ అధికరణంలో రాసుకోవడం. "స్థూల జాతీయ ఆనందం" అన్న మాట మాత్రం 1970ల నాటిది, నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్‌ది. ఇంకోటి, "ఆనందం" అని తేలిగ్గా అనేశాను గానీ, దాన్ని కొలవడానికి అక్కడ చేసే సర్వేలో 9 రంగాలు, 33 సూచికలు ఉన్నాయి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఇరుగుపొరుగును ఎంత నమ్ముతారు, అడవి జంతువులు పంట పాడుచేశాయా అని కూడా అడుగుతారు. (మన ఊళ్ళో కోతుల గురించి అడిగితే ఫారం చాలదు.) ఆనందం విషయంలో "వాళ్ళు సాధించేశారు" అని రాసిన ముక్క కూడా వెనక్కి తీసుకుంటున్నా, ఉద్యోగాలకని అక్కడి కుర్రకారు ఆస్ట్రేలియా విమానం ఎక్కుతూనే ఉన్నారు.