పోతదా, వెల్డింగ్‌దా? టూల్‌రెస్ట్ హోల్డర్ మీద మామా అల్లుళ్ళ వాదం

తిరుపతి దగ్గర రేణిగుంట రోడ్డు పక్కన ఒక షెడ్డు. అందులో పూజామందిరాల స్తంభాలు, మంచం కోళ్ళు తిప్పే కర్ర లేత్, అంటే కర్రను గుండ్రంగా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం. దాని టూల్‌రెస్ట్ హోల్డర్ కింద పడి పగిలింది. ఉలిని ఆనించే కమ్మీ టూల్‌రెస్ట్ అయితే, ఆ కమ్మీ కాడను పట్టుకుని బెడ్డు (లేత్ అడుగున, మధ్యలో సందుతో ఉండే పొడుగాటి పట్టాలు) మీద అటూ ఇటూ జరిగే దిమ్మె హోల్డర్. కొత్తది ఎలాంటిది కావాలన్నదే వాదం.

మామ: మళ్ళీ పోత ఇనుముదే తెద్దాం అబ్బాయ్. అందులో ఉండే గ్రాఫైట్ రేకులు అదురును మింగేస్తాయి. వెల్డింగ్ ఉక్కుకి ఆ గుణం తక్కువ.

అల్లుడు: అదురు పుట్టాక మింగడం సరే మామా, ముందు వంగకుండా ఉండాలి గదా. ఒకే కొలతలో చేస్తే మామూలు పోత ఇనుము ఉక్కు కంటే చాలా ఎక్కువ వంగుతుంది, ఒక్కోసారి రెండింతల దాకా. పైగా పడితే పగులుతుంది, చూశావు గదా.

మామ: అందుకే దాన్ని లావుగా పోస్తారు.

అల్లుడు: ఆ లావుతోనే చిక్కు. మన లేత్‌లో బెడ్డు నుంచి సెంటరు దాకా, అంటే దుంగ తిరిగే నడిమి గీత దాకా, 6 అంగుళాలు. లెక్కకి 12 అంగుళాల దుంగ తిరగాలి. కానీ స్తంభం తిప్పేటప్పుడు హోల్డర్ దాని కిందే ఉంటుంది. దిమ్మె మందం 2 అంగుళాలైతే పైన మిగిలేది 4. అంటే 8 అంగుళాల దుంగ దాటితే తగులుతుంది. అదే ఉక్కులో ఒకటిన్నర అంగుళంతో చేయిస్తే 9 దాకా పోవచ్చు.

మామ: మందిరం స్తంభం 8 అంగుళాల లావు ఎవరు అడుగుతారు? గిన్నెలు, పళ్ళేలు తిప్పేటప్పుడు హోల్డర్ పక్కకి జరిగి ఉంటుంది, అక్కడ నీ మందం లెక్కతో పని లేదు. పొడుగు కావాలి. పొట్టి హోల్డర్ అయితే పెద్ద పళ్ళెం అంచు దాకా కమ్మీ అందదు.

అల్లుడు: పొడుగు అన్నావంటే నా దారికే వచ్చావు. బయటికి చాచిన పొడుగు రెండింతలైతే వంగుడు ఎనిమిదింతలు అవుతుంది. అక్కడే ఉక్కు కావాలి.

మామ: వెల్డింగ్ వేడికి అడుగు పలక మెలి తిరుగుతుంది. దాని సంగతి? బెడ్డు మీద ఒక మూల లేచిందంటే, కింద ఎంత బిగించినా ఊగుతుంది. ఉలి కర్రలో ఇరుక్కున్నప్పుడు దెబ్బంతా కమ్మీ మీదికే వస్తుంది. మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్ళ ముందు కర్ర కదలకుండా ఉంటుంది. మన ముందు తిరుగుతోంది. ఊగే హోల్డర్‌తో చెయ్యి పోతుంది.

(ఇక్కడ మామ మాటే నిజం. లోహం ఏదైనా, అడుగు బెడ్డు మీద సమంగా కూర్చోకపోతే మిగతా లెక్కలన్నీ దండగ.)

అల్లుడు: ఒప్పుకుంటా. అందుకే వెల్డింగ్ అయ్యాక అడుగును మిల్లింగ్ చేయించి మిషను మీద చదును చెయ్యాలి, ముందు కాదు. గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు అడిగి చూద్దాం. ఇంకోటి, కాడ పట్టే రంధ్రం 25 మిల్లీమీటర్లు పెట్టిద్దాం. మన పాత కాడ 16. గుండ్రటి కాడ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 16 కంటే 25ది దాదాపు ఆరింతలు గట్టి.

మామ: ఉన్న కమ్మీలన్నీ పారెయ్యాలా?

అల్లుడు: వద్దు. రంధ్రంలో నిలువునా చీలిక కోసిన బుష్, అంటే చిన్న గొట్టం, వేస్తే 16 కాడలు కూడా పడతాయి. బిగించినప్పుడు బుష్ మూసుకుని కాడను చుట్టూ పట్టుకుంటుంది.

మామ: చుట్టూ పట్టుకోవాలంటే హోల్డర్‌కి కూడా చీలిక క్లాంప్ ఉండాలి. పాతదాంట్లో ఒక్క బోల్టు వచ్చి కాడను పొడుస్తుంది. పొడిచిన చోట గుంట పడుతుంది. తర్వాత కమ్మీని కాస్త ఎత్తుదామన్నా బోల్టు మొన జారి మళ్ళీ ఆ గుంటలోకే పోతుంది. బోల్టే పెట్టాల్సి వస్తే మొనకీ కాడకీ మధ్య ఇత్తడి ముక్క వెయ్యాలి.

అల్లుడు: క్లాంపే పెట్టిద్దాం మామా. కింద బిగించడానికి మాత్రం నట్టు, స్పానర్ వద్దు. ఎసెంట్రిక్ షాఫ్టు, అంటే నడిమికి కాస్త పక్కగా తిరిగే కడ్డీ, దానికో పిడి ఉండాలి. పిడి తిప్పితే బిగియాలి, వెనక్కి తిప్పితే జరగాలి.

మామ: పిడి సగం తిరిగేలోపే బిగియాలి. నిండా తిరిగాక కూడా వదులుగా ఉంటే బెడ్డు కింద పట్టే ప్లేటు నట్టు సరిచెయ్యాలి. ఆ నట్టు అందేలా పెట్టమను. రంధ్రం కూడా అడుగు దాకా పోనీ, లేకపోతే పొడుగు కాడ కమ్మీ సెంటరు కిందికి దిగదు.

అల్లుడు: అంటే ఉక్కుకి ఒప్పుకున్నట్టేనా?

మామ: అదురు విషయంలో ఒప్పుకోలేదు. డబ్బులిచ్చే ముందు దాన్ని మన బెడ్డు మీదే పెట్టి నాలుగు మూలలా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూస్తా. ఎక్కడ దూరినా వెనక్కి ఇచ్చేసి పోతదే తెస్తా.

అల్లుడు: సరే. రేపు పొద్దున బెడ్డు సందు వెడల్పు, సెంటరు ఎత్తు నువ్వే కొలిచి రాసివ్వు.