సున్నం గోడకి సిమెంటు ఎందుకండీ?

ఏడాదిన్నర అయింది. కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు బాగు చేయిద్దామని మొదలుపెట్టి. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "పాతదంతా కొట్టేద్దామండీ!" కొట్టేయడానికేనా మిమ్మల్ని పిలిచింది?

ఆ గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే లోపలి తడి ఎటు పోవాలి? లక్షసార్లు చెప్పాను. నేను ఊళ్లో లేని రెండు రోజుల్లో హాలంతా సిమెంటే! ఆపైన పుట్టీ, ఆపైన ప్లాస్టిక్ పెయింటు. ఒక్క వానాకాలం. ఉప్పు పొంగింది, రంగు బుడగలు లేచింది, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పూసిన మేస్త్రీని అడిగితే "పాత గోడ కదండీ, అంతే" అంటాడు. గోడదా తప్పు? ఇన్నేళ్లూ నిక్షేపంగా నిలబడ్డ గోడదా?

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. దొరికినా "రేపొస్తా" అంటాడు. ఏ రేపు?

ఇంకొకాయన పెంకుల కింద ఫాల్స్ సీలింగ్ వేయమంటాడు. టేకు దూలాలు కనపడకూడదట! వాటిని చూసుకోడానికే కదా ఈ ఇల్లు ఉంచుకున్నది?

నిన్న వెళ్లేసరికి వీధి తలుపుకున్న ఇత్తడి గొళ్లెం లేదు. "పాత సామాను కదా అని తీసేశామండీ." తీసి ఎక్కడ పెట్టారు? ఒక్కరూ పలకరు. చిన్నప్పుడు మునివేళ్ల మీద నిలబడి అందుకున్న గొళ్లెం అది.