వీడియోలో కోసేసిన భాగమే అసలు ఆట

ముందే చెప్తున్నా, పోస్ట్ పొడుగు. ఓపిక లేనివాళ్ళు స్క్రోల్ చేసేయండి, ఏమీ అనుకోను.

మన దగ్గర వానలు మొదలైతే చాలు, నా ఇన్‌బాక్స్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, మా ఊరి పక్కన గెడ్డ భలే పారుతోంది, ఆన్‌లైన్‌లో గాలి కొట్టుకునే కయాక్ దొరుకుతోంది, కొనేయమంటావా?" కయాక్ అంటే ఒక్కడే కూర్చుని తెడ్డు వేసే సన్నటి బోటు, నేను అమెరికాలో కొండ నదుల్లో దిగేది దాంతోనే. మెసేజ్ కింద ఒక రీల్ లింక్. అందులో ఎవడో అడవి మధ్య ఇరుకు లోయలో బండల మీంచి ఒకదాని వెనక ఒకటి జలపాతాలు దూకేసి, చివర నురుగులోంచి నవ్వుకుంటూ లేస్తాడు. అర నిమిషం కూడా ఉండదు, దానికి చెవులు దద్దరిల్లే మ్యూజిక్ ఒకటి. నాకు కోపం అడిగే కుర్రాళ్ళ మీద కాదు, దాన్ని అలా కోసి పెట్టినవాడి మీద.

ఆ రీల్స్‌లో చాలావాటికి కేరాఫ్ అడ్రస్ గ్రీన్ నది. నార్త్ కరొలైనాలో సలూడా అనే చిన్న ఊరి దగ్గర ఉంటుంది, షార్లెట్‌లో ఉండే మాకు కారులో రెండు గంటల లోపే. పై భాగం మామూలుగానే ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు కూడా దిగుతారు. కిందకి పోయాక హంగ్రీ అనే ఇంకో ఏరు వచ్చి కలుస్తుంది, అక్కడి నుంచి నది ఒక్కసారిగా లోయలోకి పడిపోతుంది. దాన్నే నేరోస్ అంటారు. నది వెడల్పు కొన్నిచోట్ల గది వెడల్పంత కూడా ఉండదు. 1996 నుంచి, 2024లో హెలీన్ తుఫాను వచ్చేదాకా, నవంబర్ మొదటి శనివారం అక్కడ రేస్ పెడుతూ వచ్చారు. గొరిల్లా అనే డ్రాప్ (నీళ్ళు అంచు మీంచి కిందకి దూకే చోటు) దగ్గర బండల మీద జనం కిక్కిరిసి కూర్చుని అరుస్తుండేవారు, ఆ రేస్ చూడ్డానికి కొండ దిగి నడిచి వెళ్ళాల్సి వచ్చేది. అక్కడ ముందు మనిషి పట్టేంత సందు, ఆ వెంటనే పెద్ద డ్రాప్, అది అయిపోయిందని ఊపిరి తీసుకునేలోపు ఇంకో రెండు. తప్పు జరిగితే సర్దుకోవడానికి మధ్యలో నిలకడ నీళ్ళు దాదాపు ఉండేవి కావు.

నేను గొరిల్లా దిగను. అక్కడి ఇంకో రెండు డ్రాప్‌లు, గో లెఫ్ట్, సన్‌షైన్, అవీ దిగను. ఈ మూడింటినీ బోటు భుజాన వేసుకుని ఒడ్డు మీంచి దాటేవాళ్ళు నాలాంటివాళ్ళు బోలెడుమంది. ఎవరూ నవ్వరు. నాకంటే పదింతలు బాగా తెడ్డు వేసేవాళ్ళు కూడా ఆ రోజు మనసు బాగోలేదనో, నీళ్ళు కాస్త ఎక్కువున్నాయనో దిగి నడిచేస్తారు, "ఎందుకు?" అని అడగడం మర్యాద కాదు ఇక్కడ. ఇదేదీ మీరు రీల్‌లో చూడరు.

ఒకసారి జరిగింది చెప్తాను. నేరోస్ కూడా కాదు, దానికంటే చిన్న క్రీక్, అంటే కొండ వాగు. మనిషెత్తు డ్రాప్ ఒకటి, చూడ్డానికి సుఖంగా ఉంది, కింద తెల్లటి నురుగు, పక్కనే నిలకడ నీళ్ళు. మా గుంపులో పెద్దాయన ఒకరున్నారు, రిటైరయ్యారు, ఏళ్ళ తరబడి ఈ నదుల్లోనే తిరిగిన మనిషి. బోటు దిగి, బండ మీద గొంతుకూర్చుని, మాట్లాడకుండా చూస్తూనే ఉన్నారు. చివరికి ఒక ఎండుకొమ్మ తీసి అంచు మీంచి వేశారు. అది కిందపడి, మునిగి, తేలాల్సిన చోట తేలలేదు. ఆయన వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనపడలేదు: నురుగు ఒకచోట మాత్రం అడ్డంగా చీలుతోంది, అల కిందకి జారినప్పుడల్లా నల్లగా తడిసిన బెరడు ఒక జానెడు బయటపడి మళ్ళీ మాయమవుతోంది. తొడంత లావు మాను, సరిగ్గా మేం పడబోయే చోట, నీటి కింద అడ్డంగా ఇరుక్కుని ఉంది. అందరం బోట్లు తాళ్ళకి కట్టి, రోడోడెండ్రాన్ పొదల్లో గీరుకుపోతూ, బురదలో జారుతూ అవతలికి దింపుకున్నాం. తర్వాత మాలో ఒకతను ఆ రోజు వీడియో పెట్టాడు. అందులో కింద డ్రాప్‌లు ఉన్నాయి, మ్యూజిక్ ఉంది. పెద్దాయన లేడు, కొమ్మ లేదు, మాను లేదు.

అందరూ నన్ను రాళ్ళ గురించే అడుగుతారు. "తలకి తగిలితే?" అని. హెల్మెట్ ఉంది కదా నాయనా. చెట్ల గురించి ఒక్కడూ అడగడు. పెద్ద బండకి నీళ్ళు గుద్దుకున్నప్పుడు ముందు ఉబ్బెత్తుగా లేస్తాయి, ఆ ఉబ్బు చాలాసార్లు మనల్నే పక్కకి తోసేస్తుంది. పడిపోయిన చెట్టు అలా కాదు. కొమ్మల సందుల్లోంచి నీళ్ళు హాయిగా వెళ్ళిపోతాయి, మనిషి మాత్రం జల్లెడలో టీ పొడిలా ఆగిపోతాడు. వెనకనుంచి నీళ్ళు తోస్తూనే ఉంటాయి. వేగం రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది, ఎంత బలమైనవాడైనా చేతులతో తోసుకుని బయటపడే పని కాదు. అందుకే ఈదుతూ తప్పించుకోలేక చెట్టు మీదికి పోతున్నావని తెలిస్తే, మామూలుగా నేర్పినట్టు కాళ్ళు ముందు పెట్టి వెల్లకిలా పోకూడదు, బోర్లా తిరిగి తల ముందు పెట్టి, చెట్టు మీదికే గట్టిగా ఈది, ఒక్క ఊపున పైకి ఎగబాకాలి. భయమేసినప్పుడు ఒళ్ళు చెప్పేదానికి ఇది పూర్తిగా ఉల్టా. ముందే నిలకడ నీళ్ళలో అలవాటు చేసుకోకపోతే ఆ క్షణంలో గుర్తు కూడా రాదు.

ఇంకోటి, పారే నీళ్ళలో లేచి నిలబడ్డం. మనవాళ్ళందరికీ ఉన్న అలవాటు. "నడుము లోతే కదా" అంటారు. రాళ్ళ సందులో పాదం ఇరుక్కుందంటే వెనకనుంచి నీళ్ళు ముందుకి పడేస్తాయి, ఆ నడుము లోతులోనే మునిగిపోతారు. నిలబడాల్సింది ఒడ్డు దగ్గర నీళ్ళు ఆగిన చోట, అంతే.

ఇక నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియడం. గ్రీన్ మీద పైన జలవిద్యుత్ కేంద్రం ఉంది, హెలీన్ తుఫానుకి ముందు దాకా అది నీళ్ళు వదిలితేనే నేరోస్‌లో ఆట. ఎప్పుడు వదులుతారు, లోయలోకి చేరడానికి ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ చూసుకుని గానీ ఇక్కడ ఎవరూ ఇంట్లోంచి కదిలేవాళ్ళు కాదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది పైన లార్జీ డ్యామ్ వదిలిన నీళ్ళకే. నది మధ్య బండల మీద నిలబడ్డ పిల్లలకి అక్కడ పైన ఒక డ్యామ్ ఉందని, గేట్లు ఎత్తితే ఏమవుతుందని చెప్పినవాళ్ళు లేరు. 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ముగ్గురు మెడికల్ విద్యార్థులు పోయారు, అక్కడ డ్యామ్ కూడా లేదు, కొండ మీద వాన పడితే చాలు. వాళ్ళెవరూ కయాక్ ఎక్కలేదు, స్నానానికో ఫొటోకో వెళ్ళినవాళ్ళే. అందుకే ఫ్యామిలీ గ్రూప్‌లో మా బాబాయి "చావడానికి అమెరికా దాకా వెళ్ళాలిరా?" అని వాయిస్ నోట్ పెట్టినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఏ నీళ్ళో తెలియకుండా చొక్కా విప్పి దిగిపోయేది మనం, ఒడ్డున గంటసేపు చూసి వెనక్కి నడిచొచ్చేవాళ్ళం పిచ్చోళ్ళం!

చూసిందే మళ్ళీ చూడాల్సి వస్తుంది కూడా. 2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుఫాను వచ్చి గ్రీన్ లోయని కలియబెట్టేసింది. కొండచరియలు జారాయి, ఇంటంత బండలు కదిలాయి, మానులకి మానులు వచ్చి పడ్డాయి. కళ్ళు మూసుకుని దిగగలిగినవాళ్ళు కూడా మళ్ళీ ఒడ్డెంట నడుచుకుంటూ కొత్తగా చూసుకోవాల్సి వచ్చింది. అంతకుముందు తీసిన వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఆ డ్రాప్‌లు ఇప్పుడు అలా లేవు మహానుభావా అని కింద ఎవరు రాస్తారు? మన గెడ్డల్లోనూ పెద్ద వాన పడ్డప్పుడల్లా ఎంతో కొంత ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ నడుచుకుంటూ వెళ్ళి చూసేవాళ్ళు లేరు.

షార్లెట్‌లో 2006లో తెరిచిన వైట్‌వాటర్ సెంటర్ ఉంది, పంపులతో నీళ్ళు తోడి కాంక్రీట్ కాలువలో వదులుతారు. నీళ్ళ ఉరవడి అలవాటవడానికి బంగారంలాంటి చోటు. కానీ అక్కడ అడ్డంపడ్డ మాను ఉండదు, రాళ్ళ కింద బొరియలుండవు, నీళ్ళు ఎక్కువైతే స్విచ్ ఉంది. అక్కడ ఆరితేరి నేరుగా అడవి క్రీక్‌కి వచ్చేసేవాళ్ళని చూస్తే నాకు చాలా టెన్షన్.

సరే, అడిగిన తమ్ముళ్ళకి సూటిగా: వద్దు, ఆ గాలి కయాక్ గెడ్డలో వద్దు. అది చెరువుకి. క్రీక్ బోటంటే మందపాటి ప్లాస్టిక్, రెండున్నర మీటర్లు అటూఇటూగా పొడవు, ఇరవై కిలోలు అటూఇటూగా బరువు, లోపల తొడలకి గట్టి ఆనిక. అది ఉన్నా, తిరగబడితే లోపలినుంచే మళ్ళీ పైకి లేవడం స్విమ్మింగ్ పూల్‌లో వచ్చేదాకా పారే నీళ్ళ జోలికి పోకండి. నిజంగా నేర్చుకోవాలనుంటే కేరళ మనకి దగ్గరే. కోజికోడ్ జిల్లా కొడంచేరి చుట్టుపక్కల చాలిపుళ, ఇరువంజిపుళ నదుల మీద 2013 నుంచి మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతోంది, వానాకాలంలో, అచ్చం మన ఏజెన్సీలాంటి అడవి, బండలు, ఎర్రటి కొత్తనీళ్ళు. రైలెక్కి వెళ్ళండి. ఫోన్ జేబులో పెట్టి, బోట్ల వైపు కాకుండా డ్రాప్ కింద ఒడ్డున తాడు సంచి (కొట్టుకుపోయేవాళ్ళకి విసరడానికి తాడు నింపిన సంచి) చేత్తో పట్టుకుని నిలబడేవాళ్ళ వైపు చూడండి, ఎక్కడ నిలబడ్డారో, అక్కడే ఎందుకు నిలబడ్డారో వాళ్ళనే అడగండి. విసుక్కోకుండా చెప్తారు.

ఇక వీడియోలు పెట్టే మిత్రులకి, అందులో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, పేర్లు చెప్పను: ఒడ్డున నిలబడి వాదులాడుకున్నది కూడా ఉంచండి, బోటు మోసుకుపోయింది కూడా ఉంచండి. వ్యూస్ తగ్గుతాయి, తెలుసు.