పూలజడ పాతబడలేదు: చేతులు మారుతున్న ఒక సందేశానికి జవాబు

ఈ వైశాఖంలో విజయనగరంలో పెళ్లిళ్లు చేసుకున్న ఇళ్లన్నిటికీ ఒక వాట్సాప్ సందేశం చేరింది. నాకే మూడు గ్రూపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: జడలో పూలు పెట్టుకోవడం పల్లెటూరి పద్ధతి, ఫ్యాషన్ ప్రపంచం పూలను వదిలేసి వందేళ్లయింది. సెంటు చేసే విద్య ఫ్రాన్సువాళ్లది, మనకు పువ్వు వాసన చూసి పారేయడమే తెలుసు. విదేశీ సీసాలో ఉండేది అచ్చంగా పువ్వు సారం, అందుకే అంత ధర. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పూలు దేవుడి పటాలకు తప్ప సెంటుకు పనికిరావు. కాబట్టి పూలజడ మానేసి ఆ డబ్బుతో మంచి సెంటు కొనుక్కోండి.

నేను ఇరవై రెండేళ్లుగా పూలజడలు కుడుతున్నాను. పుట్టింది ఇచ్ఛాపురం దగ్గర, మెట్టింది విజయనగరం. ఈ సందేశమే చూపించి ఒక పెళ్లివారు ముందురోజు సాయంత్రం జడ వద్దన్నారు. అప్పటికే రెండు కిలోల మల్లెమొగ్గలు తడిగుడ్డలో ఉన్నాయి. నాతో కుట్టే అమ్మాయి “ఇప్పుడేటి సేద్దుం అప్పా?” అంది. ఆ రాత్రి మొగ్గలన్నీ మా వసారాలోనే విచ్చుకున్నాయి. డబ్బు పోయినందుకు కాదు, అంత తప్పుడు మాట నమ్మి ఒక ఆడపిల్ల తన పెళ్లికి పూలు వద్దనుకున్నందుకు నాకు బాధ కలిగింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ఫ్యాషన్ పూలను వదిలేసిందన్నది మొదటి మాట. ఆ వందేళ్లలోనే, 1947లో, ఫ్రాన్సు దుస్తుల డిజైనరు క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో తన మొదటి దుస్తుల ప్రదర్శన పెట్టాడు. అందులో ఒక వరసకు ఆయన పెట్టుకున్న పేరు ‘కొరోల్’. అంటే పువ్వు రేకులన్నీ కలిసిన వలయం. నడుము దగ్గర కాడలా సన్నగా, కింద విచ్చుకున్న పువ్వులా ఉండే ఆ గౌన్లు యుద్ధం తర్వాతి ఆడవాళ్ల వేషాన్నే మార్చేశాయి. ఆ ఏడాదే ఆయన సెంటు కూడా తెచ్చాడు. 2012లో అదే సంస్థ కొత్త డిజైనరు తొలి ప్రదర్శనకు పారిస్‌లో ఒక భవనం గదుల గోడలన్నీ నిజమైన పూలతో కప్పేసింది. ఇంగ్లండు డిజైనరు అలెగ్జాండర్ మెక్వీన్ 2007 వేసవి దుస్తుల్లో ఒక గౌనుకు తాజా పూలు కుట్టించాడు. అమ్మాయి నడుస్తుంటే అవి ఒక్కొక్కటే రాలిపడ్డాయి. గుడ్డమీద పువ్వు కుట్టడమంటే ఏమిటో, అది ఎంతసేపు నిలుస్తుందో తెలిసిన దాన్ని కాబట్టి ఆ గౌను ఫొటో చూసినప్పుడు నా చేతివేళ్లు కదిలాయి. 2023 మార్చిలో డియోర్ సంస్థ ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ప్రదర్శన పెట్టినప్పుడు, మోడళ్లు నడిచే దారికి ఎదురుగా నిలబెట్టింది మన గుమ్మాలకు కట్టుకునే తోరణాన్నే. దానికి ఎంబ్రాయిడరీ పని చేసింది మన దేశపు కుట్టుపనివాళ్లే.

సెంటు చేసే విద్య మనకు తెలియదన్నది రెండో మాట. ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ‘గంధయుక్తి’ అని ఒక అధ్యాయమే ఉంది. తలకు రాసుకునే నూనెలు, స్నానపు నీళ్లకు కలిపే పరిమళాలు, ధూపాలు ఏ పాళ్లలో కలపాలో అందులో చెప్పాడు. పదహారు పరిమళ ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీసి కలిపితే ఎన్ని రకాలొస్తాయో కూడా లెక్కగట్టాడు: 1820. ఇంటర్ చదివే మా అబ్బాయి క్యాలిక్యులేటర్‌తో చేసి చూశాడు, సరిగ్గా అంతే వచ్చింది. పువ్వు వాసన చూసి పారేసేవాళ్లకు ఆ లెక్కతో పనేముంది?

ఇంకోటి. నువ్వుల మధ్య పొరలుపొరలుగా మల్లెలో జాజులో పరిచి, పూలు వాడగానే తీసేసి మళ్లీ తాజావి వేసి, నువ్వులకు వాసన బాగా పట్టాక గానుగాడించే పద్ధతి మన దేశంలో ఏనాటి నుంచో ఉంది. ఫ్రాన్సులోని గ్రాస్ పట్నంలో కొవ్వు పూసిన పలకల మీద జాజిపూలు పరిచి చేసిన పని కూడా ఇదే సూత్రం మీద నడిచింది. అక్కడ నువ్వులకు బదులు కొవ్వు, అంతే తేడా. ఆ గ్రాస్ పట్నం మొదట తోలు పనికి పేరుపడింది. తోలు చేతితొడుగుల కంపు పోగొట్టడానికి వాటికి పూల వాసన పట్టించారు, అలా సెంట్ల ఊరయింది. వాళ్ల గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. 2018లో యునెస్కో ఆ ఊరి సెంటు విద్యను మానవాళి వారసత్వంగా గుర్తించింది, అది తగిన గౌరవమే. 1911లో పాల్ పొయిరే అనే దర్జీ తన దుకాణానికి తోడు సెంట్ల సంస్థ పెట్టడంతో బట్టలకూ పరిమళానికీ వ్యాపారంలో ముడిపడింది. ఆ ముడి వేసింది వాళ్లే. పువ్వులోంచి వాసన తీయడం మాత్రం వాళ్లొక్కరి సొత్తు కాదు.

సీసాలో అంతా పువ్వు సారమే అన్న మూడో మాట సగం కూడా నిజం కాదు. 1921లో ఫ్రాన్సు డిజైనరు గాబ్రియెల్ చానెల్ కోసం ఎర్నెస్ట్ బో అనే సెంట్ల నిపుణుడు తయారుచేసిన ‘నెంబర్ 5’ సెంటులో గ్రాస్ జాజులున్నాయి. దాన్ని కొత్తగా నిలబెట్టింది మాత్రం వాటితో కలిపిన ఆల్డిహైడ్లనే రసాయనాలు. 1956 నాటి డియోర్ సెంటు ‘డియోరిస్సిమో’ మరీ విచిత్రం. అది లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అనే పువ్వు వాసన. ఆ పువ్వులోంచి సెంటుకు పనికొచ్చే సారం తీయడం సాధ్యం కాదు. ఆ వాసనను వేరే పదార్థాలతో కట్టి చూపించాడు దాన్ని తయారుచేసిన ఎడ్మండ్ రుడ్నిట్స్కా. రసాయనం అనగానే విషమని నేననను, అది గొప్ప పనితనం. సీసా మీద పువ్వు బొమ్మ చూసి లోపల అదే పువ్వు పిండారనుకోవడం పొరపాటు, అంతవరకే. నిజంగా పూలు పోసిన సెంట్లూ ఉన్నాయి. 1930 ప్రాంతంలో వచ్చిన ‘జాయ్’ ఒక ఔన్సులో 10,600 జాజులు, 28 డజన్ల గులాబీలు ఉన్నాయని దాన్ని చేసినవాళ్లు చెప్పుకున్నారు. అంటే గొప్పలు చెప్పుకోవడానికి కూడా వాళ్లు లెక్కపెట్టింది పూలనే.

జడ మానేసి సెంటు కొనమన్న సలహా గురించి ఎక్కువ చెప్పను. సెంటు కొట్టుకోండి, నేనూ కొట్టుకుంటాను. కానీ సీసాలో మూతపెట్టిన వాసన వేరు, బతికున్న పువ్వు వేరు. మల్లెను మొగ్గగానే కోస్తాం. కోశాక కూడా అది తన పని తాను చేసుకుపోతుంది, రాత్రికి విచ్చుకుని అప్పుడు వాసన వదులుతుంది. అందుకే తెల్లవారుజాము ముహూర్తానికి మొగ్గ ఎంత బిగువుగా ఉండాలో చూసి మరీ కుడతాం. తమిళనాడులో మల్లె సారం తీసే ఫ్యాక్టరీలూ ఈ గడియ కోసమే కాచుకుంటాయి. మధ్యాహ్నం చేరిన మొగ్గల్ని రాత్రి విచ్చుకునేదాకా ఆపి అప్పుడే పనిలోకి దించుతాయి. ఒక్క కిలో సారానికి వందల కిలోల పూలు కావాలి. అది చాలావరకు విదేశీ సెంట్ల వాళ్లకే పోతుంది. జడలో మల్లెల మధ్య కుట్టే దవనం నుంచి తీసిన నూనె కూడా అంతే.

మన పూలు పనికిరావన్న మాటను చివరికి ఉంచుకున్నాను. మా ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కితే గంటలోపు ఒడిశాలోని బరంపురం. ఆ చుట్టుపక్కల గంజాం జిల్లా అంతా మొగలి పొదలే. అక్కడి మొగలి పువ్వుకూ, దాని నుంచి తీసే రూహ్‌కూ, అంటే అచ్చమైన పూల నూనెకూ, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. తెల్లవారుజామున కోసిన పూలను రాగి బానలో నీళ్లతో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా వెళ్లి చన్నీళ్లలో ఉంచిన ఇంకో పాత్రలో చల్లబడుతుంది. ఆ పాత్రలో చందనం నూనె ఉంటే అది అత్తరవుతుంది. బిర్యానీలో వేసే కేవడా నీళ్లు కూడా ఈ పువ్వువే. రాష్ట్రం సరిహద్దు మనుషులు గీసుకున్నది, మొగలి పొదకు అది తెలియదు. సోంపేట, కవిటి వైపు ఇసకనేలల్లో పెరిగేదీ ఆ జాతే. వాసనిచ్చేది మగచెట్టు పువ్వు. ఆకు అంచుల ముళ్లు చీరేసుకుంటూ మా అమ్మ లోపలి లేత రేకుల్ని విప్పి, మడిచి, నా జడపాయల్లో పెట్టేది. మర్నాడు దువ్వుకుంటే దువ్వెనకు కూడా ఆ వాసన అంటుకునేది.

శ్రావణం పెళ్లిళ్లకు మొగలి వస్తుంది. జడలో కావాలనుకున్నవాళ్లు ముందురోజే పూలమ్మే ఆమెకు చెప్పి ఉంచండి. ఎండెక్కక ముందే కోసి తెమ్మని చెప్పండి, పొత్తి విడిపోయి ఎండ తగిలితే వాసన సగం పోతుంది.