సామ్రాట్టు గారు ఏ కుర్చీలో కూర్చోవాలి?

విజయవాడ నగరంలో సార్వభౌములకు కొరత లేదు. బెంజి సర్కిల్‌లో బయలుదేరి బందరు రోడ్డు మీదుగా వన్‌టౌన్ చేరేలోపల ఏ కరెంటు స్తంభం చూసినా ఒక యువసామ్రాట్టో, ఒక అభినవ దానకర్ణుడో, ఒక పేదల పెన్నిధో చేతులు జోడించి దర్శనమిస్తూనే ఉంటారు. కొరత ఉన్నదల్లా వీరిలో ఎవరు ఎవరికంటే పెద్ద అన్నది తేల్చే నియమావళికే. ఒక సామ్రాట్టూ ఒక చక్రవర్తీ ఒకే వేదిక ఎక్కినప్పుడు మధ్య కుర్చీ ఎవరికి వేయాలో తెలియక సన్మాన సభల నిర్వాహకులు పడే అవస్థ చూస్తే, రాజ్యాలు పోయినందుకు కాదు గాని, వాటితో పాటు ఆ చిట్టాలు కూడా పోయినందుకు దిగులు కలుగుతుంది.

ఇంగ్లాండు వారు ఈ విషయాన్ని ఇంత అలక్ష్యం చేయలేదు. అక్కడి ప్రభువులలో అందరికన్నా పైన డ్యూక్, ఆయన కింద మార్క్విస్, ఆ తరువాత ఎర్ల్, వైకౌంట్, చిట్టచివర బేరన్. పార్లమెంటులో ఎవరి ఆసనం ఎక్కడో నిర్ణయిస్తూ ఎనిమిదో హెన్రీ 1539లో ఏకంగా ఒక చట్టమే చేయించాడు. ఒకే అంతస్తు వారు ఇద్దరు తటస్థపడితే, ముందు పట్టా పుచ్చుకున్నవారు ముందు కూర్చోవాలి. ఆ మెట్లు ఎక్కడం కూడా అంత సులువు కాదు. కర్జన్ ప్రభువు 1898లో బేరన్ అయ్యాడు, 1911లో ఎర్ల్ అయ్యాడు, 1921లో గాని మార్క్విస్ కాలేదు. ఈ దేశానికి వైస్రాయిగా ఉండి, బెంగాలును రెండు ముక్కలు చేసి వెళ్లిన మనిషికే అంత కాలం పట్టగా, మా డివిజనులో నిరుటి పుట్టినరోజుకు యువకిశోరంగా ఉన్న కుర్రవాడు ఈ పుట్టినరోజుకు ఏ మెట్టూ తొక్కకుండా నేరుగా సామ్రాట్టు అయి కూర్చున్నాడు.

మన పూర్వులు ఇంగ్లాండు వారికంటే కచ్చితమైన మనుషులు. శుక్రాచార్యుడి పేర ఉన్న రాజనీతి గ్రంథం శుక్రనీతి రాజులను ఆదాయాన్ని బట్టి కొలిచింది. ప్రజలను పీడించకుండా ఏడాదికి లక్ష కర్షాలు, అంటే ఆనాటి నాణేలు, రాబట్టగలవాడు సామంతుడు. 3 లక్షలు దాటితే మాండలికుడు, 10 లక్షలు దాటితే రాజు, 20 లక్షలు దాటితే మహారాజు, 50 లక్షలు దాటితే స్వరాట్టు, కోటి దాటితే సామ్రాట్టు, 10 కోట్లు దాటితే విరాట్టు. 50 కోట్లు కూడా దాటిన తరువాతనే సార్వభౌముడు. ఆదాయపు పన్ను అధికారులు ఈ గ్రంథం తిరగవేయకపోవడం మన యువసామ్రాట్టుల పూర్వజన్మ సుకృతమనే చెప్పాలి. ‘పీడించకుండా’ అన్న షరతును మాత్రం ప్రస్తుతానికి పక్కన పెడదాం. దాన్ని పట్టుకుంటే సామంతులు కూడా మిగలరు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో గుంటూరు సీమకు ఆరు వందల ఏళ్ల కిందటే తెలుసు. కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి సర్వజ్ఞ చక్రవర్తి; ఆయన కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు కవిసార్వభౌముడు. శుక్రుడి చిట్టాలో చక్రవర్తి అన్న మెట్టే లేదు, సార్వభౌముడిదే పై మెట్టు కనుక ఉద్యోగి యజమానికంటే పైనున్నట్టే అనిపిస్తుంది గాని, రెడ్డిరాజ్యం పోయాక ఆ సార్వభౌముడు బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకుంటే, పంటలో కొంత కృష్ణమ్మ, కొంత పిట్టలు పట్టుకుపోగా, 700 టంకాల బాకీ తీర్చలేక నడివీధి ఎండలో శిక్ష అనుభవించాడని చాటువు చెబుతోంది. శిస్తు వసూలుకు వచ్చినవారు బిరుదును జమ కట్టుకోలేదు.

తెల్లదొరలు కూడా వరుస పాటించారు. రావు సాహెబుకు పైన రావు బహదూరు, ఆయనకు పైన దివాన్ బహదూరు. నిజాము కొలువులో ఇచ్చే బిరుదుల్లో జంగ్ కంటే దౌలా, దౌలా కంటే ముల్క్, ముల్క్ కంటే ఉమ్రా, ఉమ్రా కంటే జా పెద్ద. మద్రాసు ప్రభుత్వం మాత్రం ఒక్కచోట ఉదారంగా ప్రవర్తించి, కచేరీ ఉత్తరాల్లో మామూలు గృహస్థును కూడా మ.రా.రా.శ్రీ. అని, అంటే మహారాజరాజశ్రీ అని సంబోధించింది. జీతం పెంచమని అర్జీ పెట్టుకున్న గుమాస్తాకు, వీలుపడదని వచ్చిన జవాబు కూడా మహారాజరాజశ్రీ పేరనే వచ్చేది. ఖర్చు లేని మర్యాద అంటే ఇదే కాబోలు.

ఖర్చున్న మర్యాదల విషయానికి వస్తే, ఇంగ్లాండు రాజు మొదటి జేమ్స్ 1611లో బేరొనెట్ అనే అంతస్తును సృష్టించి, దాని వెల 1,095 పౌన్లని దాపరికం లేకుండా చెప్పాడు. మన ఊళ్లో బిరుదు ఇచ్చే సంస్థలు ఆపాటి నిజాయితీ కూడా చూపవు. శాలువా, జ్ఞాపిక, బిరుదు, భోజనం కలిపి ఒక మొత్తం ఫోనులో చెబుతారు. దాని పేరు సహకార నిధి. రసీదు అడిగితే చిన్నబుచ్చుకుంటారు.

ఇదంతా రాజ్యాంగ విరుద్ధం కాదా అని అడిగేవారుంటారు. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదని 18వ అధికరణం చెబుతున్నది నిజమే. పద్మ పురస్కారాలను పేరుకు ముందు గాని వెనుక గాని తగిలించుకోరాదని 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిందీ నిజమే. అయితే రాజ్యాంగ నిర్మాతలు రాజ్యం ఇవ్వరాదన్నారు గాని బావమరిది ఇవ్వరాదనలేదు. మన సామ్రాట్టులలో అత్యధికులకు పట్టాభిషేకం చేసినది వారి బావమరుదులు, వారి వెంట తిరిగే కుర్రాళ్లు, కాంట్రాక్టు ఆశిస్తున్న మిత్రబృందాలు.

కాబట్టి నిషేధం ఊసు మాని నియమావళి సంగతి చూడాలి. నిజానికి అది ఫ్లెక్సీ మీదే ముద్రించి ఉంది; మనమే చదవడం లేదు. పైభాగంలో గుండ్రని చట్రాలలో దివంగత నేత, రాష్ట్ర నాయకుడు, జిల్లా నాయకుడు. నడుమ నిలువెత్తున సామ్రాట్టు. ఆయన చెప్పుల కింద వరుసలు కట్టి పాస్‌పోర్టు సైజు సామంతులు, ఒక్కొక్కరి కింద పేరు, సెల్ నంబరు. ఎవరి తల ఎంత వెడల్పు, ఎవరు మొదటి వరుస, ఎవరు ఆఖరి వరుస అన్నదానిపై ప్రింటింగు షాపులో అర్ధరాత్రి దాకా తగాదాలు నడుస్తాయి. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న డిజైనరు కుర్రవాడికి తెలిసినంత రాజనీతి ఈ నగరంలో మరొకరికి తెలియదు. పై వరుసలో ఒక ముఖం ఈసారి ఎందుకు లేదో పత్రికలకంటే ముందు తెలిసేది అతడికే.

నా ప్రతిపాదన ఇది. కర్షాలు పోయాయి గనుక చదరపు అడుగులు తీసుకుందాం. ఫ్లెక్సీ వెల కట్టేదీ వాటితోనే. సామంతుడికి ఇన్ని, మహారాజుకు ఇన్ని అని నగరపాలక సంస్థ కొలతలు ప్రకటించాలి. ఇద్దరు సామ్రాట్టులు సమానంగా తేలితే, ఇంగ్లాండు పద్ధతిలో, ముందు ఫ్లెక్సీ కట్టినవారికి మధ్య కుర్చీ. కార్పొరేషను లారీ వచ్చి ఊడబీకిన రోజుతో ఆ పరిపాలన ముగిసినట్టు.

ఒక్క చిక్కు మిగిలింది. ఇంగ్లాండులో ఎర్ల్ భార్య కౌంటెస్ అవుతుంది గాని, ఒక స్త్రీ తన హక్కున అలాంటి హోదా పొందితే ఆమె భర్తకు ఏ బిరుదూ దక్కదు. మన స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి కాగా, గెలిచిన ఆమె భర్తను ఊరంతా కార్పొరేటరు గారనే పిలుస్తుంది. ఫ్లెక్సీ మీద ఆయన నిలువెత్తున, ఆవిడ పక్కన చిన్న చట్రంలో ఉంటారు. కొత్త నియమావళిలో వీరిద్దరికీ రెండు కుర్చీలు కేటాయించాలని మొదట అనుకున్నాను గాని, ఇంతవరకు ఏ సభలోనూ ఆవిడ వేదిక ఎక్కగా ఎవరూ చూడలేదు కనుక ఒక కుర్చీ ఆదా అవుతుంది.